పాత హోమ్ కంప్యూటర్‌కి కలర్ మానిటర్ కొనాలంటే ముందు వెనకాల సాకెట్ చూడండి

మా బాబాయి అటక మీద నుంచి బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్ ఒకటి దించినాడు, 1984లో పిల్లోళ్ళకి కంప్యూటర్ నేర్పేదానికి క్లాస్ అనే ప్రాజెక్టు కింద సర్కారు వాళ్ళు స్కూళ్ళకి ఇచ్చినారే, ఆ రకందే. నేను ఊరికే ఉండలేక తిరపతిలో ఒక సెకండ్ హ్యాండ్ అంగట్లో 15 అంగుళాల వీజీఏ మానిటర్, అంటే పీసీలకి తగిలించేది, చౌకగా దొరికిందని తెచ్చేసి, తెలిసినాయన దగ్గర కేబుల్ కూడా సోల్డర్ చేయించి పెడితే, స్క్రీన్ మీద ఔట్ ఆఫ్ రేంజ్ అని ఒకటే మాట. దుడ్లు దండగ. మీరన్నా ఆ పని చేయొద్దండి.

సంగతి ఏందంటే ఈ బీబీసీ, స్పెక్ట్రమ్, కమోడోర్ 64, ఎమిగా ఇవన్నీ టీవీకి తగిలించుకునేదానికి చేసినవి. మన దూరదర్శన్ బొమ్మకి 625 గీతలు, సెకండుకి 25 బొమ్మలు, లెక్కేస్తే సెకండుకి 15,625 గీతలు, దాన్నే 15 కిలోహెర్ట్జ్ అంటారు. 1987లో వచ్చిన వీజీఏది దాదాపు 31,500. ఇంచుమించు డబుల్. మామూలు వీజీఏ మానిటర్ అంత కిందికి దిగదు, ప్లగ్గు సరిపోయినా సరే. అందుకే సైజు, కంపెనీ తర్వాత అడగండి, 15 కిలోహెర్ట్జ్ తీసుకుంటుందా అని ముందు అడగండి.

ఆ తర్వాత మీ కంప్యూటర్ వెనక్కి తిప్పండి. స్పెక్ట్రమ్ 48కే అయితే యాంటెన్నా సిగ్నలే, టీవీలో ట్యూన్ చేసుకోవాల. కమోడోర్ 64లో ఏవీ వస్తుంది, అంటే బొమ్మంతా ఒకే వైరులో వచ్చే సిగ్నల్, పసుపు సాకెట్ ఉండే 14 అంగుళాల పాత డబ్బా కలర్ టీవీ చాలు, నన్నడిగితే దానికి అంతకంటే మంచి జోడీ లేదు. ఎమిగా 500 దగ్గరే మోసపోతారు, ఏవీ సాకెట్ ఉంటుంది కానీ దాంట్లో వచ్చేది బ్లాక్ అండ్ వైట్, కలర్ కావాలంటే 23 పిన్నుల ఆర్జీబీ సాకెట్ నుంచే తీసుకోవాల, ఆర్జీబీ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేనికది వేరే వైరులో వచ్చేది. బీబీసీలో కూడా చాలా బోర్డుల్లో ఇదే కథ, గుండ్రటి 6 పిన్నుల సాకెట్‌లో డిజిటల్ ఆర్జీబీ వస్తుంది. డిజిటల్ అంటే 5 వోల్టుల లెవెల్, అనలాగ్ మానిటర్‌కి 0.7 వోల్టులే కావాల, మధ్యలో రెసిస్టర్లు లేకుండా నేరుగా కలపొద్దు. కమోడోర్ 1084, ఫిలిప్స్ సీఎం8833 లాంటివి ఏవీ, ఆర్జీబీ రెండూ తీసుకుంటాయి, కనబడితే బేరం ఎక్కువసేపు ఆడకుండా తీసేసుకోండి.

గేమ్స్‌కి ఏవీ పర్వాలేదు. 80 కాలమ్స్‌లో, అంటే వరసకి 80 అక్షరాలు, టైప్ చేయాలంటే మాత్రం అక్షరాలు అలుక్కుపోతాయి, ఆర్జీబీ తప్పదు.

అమెరికా నుంచి మామ తెచ్చిన మెషిన్ అయితే ఇంకో తలనొప్పి, అది అమెరికా టీవీ పద్ధతి ఎన్టీఎస్‌సీ, మన పద్ధతి పాల్ మాత్రమే తెలిసిన టీవీలో రంగు రాదు. అంతకన్నా ముందు, దాని కరెంటు 120 వోల్టులు, మన 230 ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.

మన దగ్గర దొరక్కపోతే మెడ్రాస్‌లో ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచ్చీ స్ట్రీట్ ఉండనే ఉంది. యాడికి పోయినా కంప్యూటర్ చంకన పెట్టుకొని పోండి. అరగంట ఆన్‌లో ఉంచండి, అంగడాయన గొణిగినా సరే. బొమ్మ వెలుతురు రావడానికి చానాసేపు పడితే ట్యూబ్ అయిపోయినట్టే. బీబీసీలో మోడ్ 2 కొట్టి, కలర్ 129, తర్వాత సీఎల్ఎస్ కొడితే తెర అంతా ఎరుపు, 130కి ఆకుపచ్చ, 132కి నీలం. ఎరుపులో మూలల్లో వేరే రంగు మచ్చలు ఉంటే చాలాసార్లు పక్కన స్పీకర్ పెట్టిన పాపమే, డీగాస్ చేస్తే, అంటే తెరకి పట్టిన అయస్కాంత గుణం తీసేస్తే, పోతాయి. మెనూ బొమ్మ అచ్చు పడి ఉంటే మాత్రం అది పోదు.

డబ్బా మోసే ఓపిక లేకపోతే జీబీఎస్ 8200 అనే చిన్న బోర్డు ఉంది, 15 కిలోహెర్ట్జ్ ఆర్జీబీని వీజీఏ చేసి ఇస్తుంది. బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, నా మానిటర్‌ని చివరికి దాంతోనే వాడుతున్నా. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐ చేసే చౌక డబ్బాలు నాకైతే నచ్చలేదు, కదిలే బొమ్మ అంతా జిలజిలా అంటుంది.

డబ్బా మానిటర్ కొంటే దాని వెనక మూత మాత్రం విప్పొద్దండి, ప్లగ్గు పీకినాక కూడా ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. బస్సులో తెచ్చేటప్పుడు అద్దం వైపు మీ ఛాతీకి ఆనించి ఎత్తుకోండి, బరువంతా ఆ వైపే ఉంటుంది.