వైజాగ్ బీచ్ దగ్గర రిటైర్ అయి సెటిల్ అయ్యారా? మీ వారాన్ని ఇలా అమర్చుకోండి

రిటైర్ అయ్యాక విశాఖలో సముద్రం పక్కన ఉండాలని చాలామందికి కోరిక. స్టీల్ ప్లాంట్, పోర్టు, నేవీ, యూనివర్సిటీ వాళ్ళు ఎలాగూ ఇక్కడే ఉండిపోతారు, ఇప్పుడు పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా వచ్చి లాసన్స్ బే, ఎంవీపీ, ఎండాడ, రుషికొండ, భీమిలి రోడ్డు వైపు ఫ్లాట్లు కొనుక్కుంటున్నారు. వచ్చిన కొత్తలో బాల్కనీలో కాఫీ తాగుతూ సముద్రం చూస్తుంటే భలే ఉంటుంది, కొన్నాళ్ళయ్యాక మాత్రం పదకొండు గంటలకి పేపరు అయిపోతుంది, టీవీ విసుగొస్తుంది, సాయంత్రం దాకా ఏం చెయ్యాలో తోచదు. మా అపార్ట్‌మెంట్లో అందరం పెద్దవాళ్ళమే, ఇప్పుడు మా వారం ఖాళీ లేకుండా గడుస్తోంది కాబట్టి అది ఎలా కుదిరిందో రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. టైంటేబుల్ నిండా పనులు రాసుకుంటే లాభం లేదండీ. రోజుకి ఒక్కటైనా మనం వెళ్ళకపోతే "ఏమండీ ఇవాళ రాలేదే" అని ఇంకొకరు అడిగే పని ఉండాలి. ఒంటరిగా చేసే యోగా రెండో వారానికే ఆగిపోతుంది, పక్క ఫ్లాట్ అక్కయ్యగారు తలుపు కొట్టి తీసుకెళ్ళే యోగా ఏళ్ళ తరబడి నడుస్తుంది. కాబట్టి ఏ పని పెట్టుకున్నా పక్కన ఒక మనిషి పేరు కూడా రాయండి.

పొద్దుటి నడక

మే, జూన్ నెలల్లో ఇక్కడ అయిదున్నర లోపే పొద్దెక్కేస్తుంది, ఏడయ్యేసరికి ఉక్కపోత మొదలు. ఎండాకాలం అయిదింటికే బయల్దేరండి, డిసెంబరు, జనవరిలో ఆరున్నర అయినా ఫర్వాలేదు. ఆర్కే బీచ్ వైపు ఉన్నవాళ్ళకి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం నుంచి వుడా పార్కు దాకా వెళ్ళొస్తే సరిపోతుంది. ఇసకలో నడిస్తే మంచిదని చాలామంది చెప్తారు కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి, పొడి ఇసకలో కాలు దిగబడుతుంది, నీటి అంచున గట్టిగా ఉన్నా నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి నడుము ఒక పక్కకి లాగుతుంది. ఫుట్‌పాతే మేలు. అలల్లోకి మాత్రం దిగొద్దు, మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు చాలా ప్రమాదం, మోకాలి లోతేలే అనుకున్నవాళ్ళని కూడా లాగేస్తాయి.

పెద్దవాళ్ళు వారానికి 150 నిమిషాలైనా కాస్త ఆయాసం వచ్చే నడకలాంటిది చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. 65 దాటినవాళ్ళు దాంతోపాటు వారానికి మూడు రోజులు బ్యాలెన్స్ కుదిరే వ్యాయామాలు, రెండు రోజులు కండరాలకి బలమిచ్చేవి కూడా చెయ్యాలి. అందరూ వదిలేసేది ఈ బ్యాలెన్సే, పెద్ద వయసులో మంచాన పడేసేది కూడా ఎక్కువగా జారిపడటమే. సోమ, బుధ, శుక్రవారాలు నడక అయ్యాక బెంచీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవటం, ఈ రెండూ పది నిమిషాలు చేస్తే చాలు.

నడక గుంపులో ఒక రూలు పెట్టుకోండి. చెప్పకుండా ఎవరైనా రాకపోతే ఎనిమిది లోపల వాళ్ళకి ఫోన్ వెళ్ళాలి, ఎత్తకపోతే ఎవరో ఒకరు ఇంటికెళ్ళి బెల్ కొట్టాలి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టారు కదా బాగానే ఉన్నారులే అనుకోవద్దు. ఒంటరిగా ఉంటున్నవాళ్ళ ఇంటి తాళం ఇంకో సెట్టు నమ్మకమైన పక్కింటివాళ్ళ దగ్గర ఉండాలి. మిగతా టైంటేబుల్ అంతా మానేసినా ఈ ఒక్కటీ మానొద్దు, ఎందుకంటే బాత్రూంలో పడిపోయినవాళ్ళకి ఎవరో రావటానికి గంట పట్టిందా, సాయంత్రం దాకా పట్టిందా అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

ఏ రోజు ఏం పని

బ్యాంకు, పెన్షన్, ఆస్పత్రి పనులు సోమవారం పెట్టుకోకండి, ఎక్కడ చూసినా రద్దీ. మంగళవారం పొద్దున్న మేలు. ఇద్దరు కలిసి వెళ్ళండి, ఒకరు ఫైలు పట్టుకుంటే ఒకరు డాక్టరు చెప్పింది రాసుకోవచ్చు. నవంబరులో, పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఉంటుంది కదా, దానికి లైన్లో నిలబడక్కర్లేదు, ఫోన్లోనే మొహం చూపించి జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) చేసుకోవచ్చు, 80 దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకైతే అక్టోబరు ఒకటి నుంచే ఇచ్చే వీలుంది. ఫోన్ తెలిసినవాళ్ళు ఒక మంగళవారం కమ్యూనిటీ హాల్లో కూర్చుని అందరికీ చేసిపెట్టండి. 70 నిండినవాళ్ళకి 5 లక్షల దాకా ఉచిత వైద్యానికి పనికొచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా అదే రోజు చూసుకోవచ్చు.

బుధవారం చేపలు. గురువారం, శనివారం చాలామంది ముట్టుకోరు, అందుకని బుధవారం, ఆదివారం పెట్టుకుంటే గుంపుగా కొనుక్కోవచ్చు. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారే వెళ్ళగలిగితే వెళ్ళండి, లేదంటే మన వీధిలోకి వచ్చే చేపలావిడ దగ్గరే తీసుకోండి, మొప్పలు ఎర్రగా ఉండాలి, కన్ను నిగనిగలాడాలి, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేవాలి. వంజరం, చందువాలే కొనాలని ఏం లేదు, కానగంతలు, కవళ్ళు చవకా, ఒంటికి మంచిదీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకి వేట నిషేధం, ఆ రెండు నెలలూ సముద్రం చేప తక్కువ దొరుకుతుంది, రేటూ ఎక్కువే. శాకాహారులు బుధవారం రైతు బజారుకి వెళ్ళొచ్చు, ఒకే ఆటోలో నలుగురు వెళ్తే ఖర్చు కలిసొస్తుంది, కబుర్లూ అవుతాయి.

గురువారం సాయంత్రం చదువు చెప్పే రోజు. వాచ్‌మన్ పిల్లలు, పనమ్మాయిల పిల్లలు, దగ్గర్లో జాలరిపేట ఉంటే అక్కడి పిల్లలు, ఎవరైనా సరే. మన దగ్గర ఇంజినీర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు ఎంతమంది ఖాళీగా కూర్చున్నారో చూడండి, పదో తరగతి లెక్కలు చెప్పటానికి ఇంకేం కావాలి. టైంటేబుల్‌లో మనిషిని నిజంగా నిలబెట్టేది ఇదే అని నా గట్టి నమ్మకం, భార్య పోయాక ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయిన ఒక మాస్టారు మా హాల్లో బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డాకే మళ్ళీ గొంతు పెంచి మాట్లాడారు.

శుక్రవారం సాయంత్రం విష్ణు సహస్రనామం, శనివారం పాటలో కచేరీనో. పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది, అక్కడ సంగీతం, నాట్యం ప్రోగ్రాములు జరుగుతూనే ఉంటాయి. సింహాచలం శనివారం కాకుండా మామూలు రోజు వెళ్ళండి, రద్దీ తక్కువగా ఉంటుంది. ఎప్పుడైనా ఒక రోజు 900కె బస్సెక్కి భీమిలి వెళ్ళిరండి, 60 దాటితే ఆర్టీసీలో టిక్కెట్టుకి పావు వంతు రాయితీ, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

ఆదివారం ఇంటి పనులు

అమెరికా పిల్లలతో మాట్లాడటానికి ఆదివారం పొద్దున్న ఏడున్నర బాగుంటుంది, కాలిఫోర్నియాలో అప్పుడు శనివారం సాయంత్రం ఏడు. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి అక్కడి నుంచి మార్చి దాకా మనం గంట ఆలస్యంగా చెయ్యాలి.

ఫోన్ అయ్యాక ఏడు గదుల మాత్రల డబ్బా నింపుకోండి. తర్వాత ఉప్పు గాలి సంగతి. సముద్రం పక్కన ఇనుము ఊరుకోదు, కిటికీ గ్రిల్సు, తలుపు బోల్టులు, ఏసీ బయటి యూనిట్ వారానికోసారి మంచినీళ్ళ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. వినికిడి మిషను వాడేవాళ్ళు రాత్రిపూట దాన్ని సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి, లేకపోతే ఈ తేమకి తొందరగా పాడవుతుంది, అంత ఖరీదు పెట్టి కొన్నది. షుగర్ టెస్ట్ స్ట్రిప్పుల డబ్బా మూత కూడా తీసిన వెంటనే బిగించాలి, తేమ తగిలితే రీడింగ్ తప్పు చూపిస్తుంది.

అక్టోబరు, నవంబరులో తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచెయ్యలేదు. సెప్టెంబరు చివరి ఆదివారం నాటికి నెలకి సరిపడా మందులు, టార్చి, పవర్ బ్యాంకు, కొంచెం క్యాష్ ఉన్నాయో లేదో చూసుకోండి. లిఫ్ట్ ఆగిపోతే మెట్లు దిగలేనివాళ్ళ పేర్లు ఫ్లోర్ల వారీగా రాసి వాచ్‌మన్ దగ్గర పెట్టండి.

కొత్తగా దిగినవాళ్ళకి

మొదటి నెల అన్నింటిలోనూ దూరిపోకండి. పొద్దుటి నడక, వారానికి ఒక సాయంత్రం పని, అంతే పెట్టుకోండి, రెండో నెల చదువు చెప్పటమో బజారో కలపండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఏ రోజూ ఏదీ పెట్టొద్దు, ఈ ఉక్కలో నడుం వాల్చకపోతే సాయంత్రానికి ఓపిక ఉండదు, గురువారం క్లాసు కూడా నాలుగు దాటాకే. దంపతులైతే కనీసం ఒక పని విడివిడిగా ఉండాలి, ఇద్దరికీ వేరే స్నేహితులు ఏర్పడతారు, తర్వాత ఒక్కరే మిగిలిన రోజున ఆ స్నేహాలే తోడు. ఇంట్లోంచి కదలనంటున్నవాళ్ళని "రండి సరదాగా" అని పిలిస్తే రారు, పని చెప్పి పిలవండి, వదినగారూ మీరొచ్చి హార్మోనియం పట్టాలి, అన్నయ్యగారూ లెక్కల పేపరు మీరే దిద్దాలి అని. టైంటేబుల్ కాగితం పెద్ద అక్షరాలతో రాసి నోటీస్ బోర్డు మీద అంటించండి, ఎండాకాలం మొదట్లో ఒకసారి, కార్తీకమాసం ముందు ఒకసారి అందరూ కూర్చుని టైములు మార్చుకోండి.