రోలర్‌తో కారుకి పెయింట్: పాత మారుతీ 800కి ఇంటి దగ్గరే, ఐదారు వేల ఖర్చులో

పదిహేనేళ్లు దాటి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లాల్సిన మారుతీ 800కో, పాత ఆల్టోకో షెడ్డులో ఫుల్ పెయింటింగ్ చేయించాలంటే ఒక్కోసారి బండి ధరలో సగం దాకా అడుగుతారు. కంప్రెసర్, స్ప్రే గన్ అద్దెకు తెచ్చి ఇంట్లోనే కొట్టేద్దామని చాలామందికి అనిపిస్తుంది. అది వద్దు. షెడ్డుల్లో వాడే టూ-కే పీయూ పెయింట్ (రెండు భాగాలు కలిపి కొట్టే పాలీయూరిథేన్ పెయింట్) హార్డెనర్‌లో, అంటే గట్టిపడటానికి కలిపేదానిలో, ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిపాటి తుంపరకే ఆయాసం వస్తుంది. రుమాలు, సర్జికల్ మాస్కు దాన్ని ఆపలేవు. పైగా గాలికి ఆ తుంపర పక్కింటివాళ్ల బండి మీదా పడుతుంది.

ఇంటి ముందు చేయదగిన పద్ధతి ఇంకొకటి ఉంది. గేట్లకీ గ్రిల్స్‌కీ వేసే సింథటిక్ ఎనామెల్‌నే టర్పెంటైన్‌తో బాగా పల్చన చేసి, ఫోమ్ రోలర్‌తో ఆరు కోట్లు, అంటే ఆరు పొరలు, వేయాలి, మధ్యమధ్యలో వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి వాడే గరుకు కాగితంతో) రుద్దాలి. పెయింట్ వేసే పని రోజుకి ఒక గంట, గంటన్నర. మిగతాదంతా రుద్దుడే. రుద్దే ఓపిక లేనివాళ్లు ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు, ఎందుకంటే సగంలో ఆపిన కారు ముందున్నదానికన్నా అధ్వానంగా కనిపిస్తుంది.

దీని లోటు కూడా ముందే తెలుసుకోండి. ఎనామెల్ ఎండకి పీయూ అంత కాలం ఆగదు. కొన్నేళ్లకి మెరుపు తగ్గి సుద్ద రాలడం మొదలవుతుంది. తర్వాతెప్పుడైనా షెడ్డులో పీయూ వేయించాలనుకుంటే ఈ ఎనామెల్ మొత్తం గీకించాల్సిందే. దాని మీద నేరుగా ఘాటైన థిన్నర్ ఉన్న పెయింట్ కొడితే కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. అమ్మేద్దామనుకునే బండికీ, మూడు నాలుగేళ్ల పాత బండికీ ఈ పద్ధతి వద్దు.

రంగు ఎంపిక

ఉన్న రంగే వేయండి. రంగు మారిస్తే ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీలో ఆ మార్పు నమోదు చేయించాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఆలివ్ గ్రీన్ మాత్రం అసలు కుదరదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే.

రోలర్ పనికి తెలుపు అన్నిటికన్నా అనుకూలం. మారుతీ తెలుపు, అంటే సుపీరియర్ వైట్, కోడ్ 26యూ, సాలిడ్ రంగు, అంటే లోహపు మెరుపు రేణువులు లేనిది. టింటింగ్ మెషిన్ ఉన్న పెయింట్ షాపుకి పెట్రోల్ ట్యాంకు మూత తీసుకెళ్తే దగ్గరి షేడ్ కలిపిస్తారు. అచ్చు గుద్దినట్టు కలవదు, కానీ బయటంతా ఒకేసారి వేస్తాం కాబట్టి డోర్ తెరిచినప్పుడు తప్ప తేడా తెలియదు. ఎరుపు, పసుపు కింది రంగుని సరిగా కప్పవు, ఇంకో రెండు కోట్లు పడతాయి. సిల్కీ సిల్వర్ లాంటి మెటాలిక్ రంగులకి రోలర్ పనికిరాదు. అందులోని అల్యూమినియం రేణువులు రోలర్ నడిచిన దారినే చారలుగా పరుచుకుంటాయి.

ఏమేం కొనాలి

మారుతీ 800 బయటి భాగం ఎనిమిది, తొమ్మిది చదరపు మీటర్లుంటుంది. మెరిసే (గ్లాసీ) ఫినిష్ సింథటిక్ ఎనామెల్ 2 లీటర్లు చాలు. రెండూ ఒక లీటరు డబ్బాలైతే మొదటిరోజే పెద్ద డబ్బాలో పోసి కలిపేయండి, లేకపోతే సగం కారు ఒక షేడు, సగం ఇంకో షేడు అయ్యే ప్రమాదం ఉంది. మినరల్ టర్పెంటైన్ 3 లీటర్లు. ఇక్కడ జాగ్రత్త: థిన్నర్ అని అడిగితే షాపులో ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ పెయింట్‌కి వాడే ఘాటైన థిన్నర్) చేతిలో పెడతారు, అది దీనికి కాదు. చవకగా వస్తుందని కిరోసిన్ కలపమనే పెయింటర్లూ ఉంటారు. కిరోసిన్ కలిపితే పెయింట్ ఆరదు, ఆరినా మెరవదు.

4 అంగుళాల రోలర్ హ్యాండిల్ ఒకటి, దానికి నున్నటి, గట్టి ఫోమ్ రోలర్లు ఎనిమిది. గోడలకి వాడే నూలు రోలర్ వద్దు. చవక ఫోమ్ టర్పెంటైన్‌లో ఉబ్బి ముక్కలవుతుంది, అందుకని ముందు ఒక్కటి కొని రాత్రంతా టర్పెంటైన్‌లో నానబెట్టి చూసి, నిలిస్తేనే మిగతావి కొనండి. మూలలకి 1 అంగుళం బ్రష్షు, ఒక ట్రే. వాటర్ పేపర్ 320, 400, 600 నంబర్లు పదేసి షీట్లు, 1000, 1500, 2000 నంబర్లు ఆరేసి (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). తుప్పుకి 80 నంబర్ ఎమరీ పేపర్లు నాలుగు, పుట్టీకి 120, 220 నంబర్లు రెండేసి. రుద్దడానికి రబ్బరు బ్లాకు. పెయింట్ పడకూడని చోట అంటించే మాస్కింగ్ టేప్ ఐదు చుట్టలు, హార్డెనర్‌తో వచ్చే పాలిస్టర్ పుట్టీ అర కిలో, రెడ్ ఆక్సైడ్ మెటల్ ప్రైమర్ అర లీటరు, చివర్లో మెరుపుకి రుద్దే రబ్బింగ్ కాంపౌండ్ ఒక చిన్న డబ్బా. ఊరిని, బ్రాండుని బట్టి అటూఇటూ అయినా మొత్తం ఐదారు వేలల్లో తేలుతుంది.

ఎప్పుడు, ఎక్కడ

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మే నెల ఎండలో పెయింట్ సర్దుకునే లోపే పైన పొర కట్టి రోలర్ గుర్తులు అలాగే ఉండిపోతాయి. వర్షాకాలంలో ఆరడం ఆలస్యమై దుమ్ము, పురుగులు అంటుకుంటాయి. చలికాలంలో ఇబ్బంది మంచు. తడి ఆరని ఎనామెల్ మీద మంచు పడితే మెరుపు పోయి మసకబారుతుంది. ఉదయం రేకు పూర్తిగా ఆరాక తొమ్మిదిన్నర, పదికి మొదలుపెట్టి మధ్యాహ్నం పన్నెండుకల్లా ముగించండి, సాయంత్రానికి పై పొర ఆరుతుంది. రేకుల షెడ్డు, పోర్టికో ఏదైనా నీడ కావాలి. వేప, చింత చెట్ల నీడ మాత్రం వద్దు, ఆకు, పూత, పిట్టల రెట్ట అన్నీ పడతాయి. వేసే ముందు నేల మీద నీళ్లు చల్లండి. సంక్రాంతి సెలవుల్లో పెట్టుకునేవాళ్లు భోగి నాడు, ముందు రోజు పెయింట్ వేయకండి, వీధిలోని మసంతా కారు మీదే ఉంటుంది.

కడగడం, తుప్పు, పుట్టీ

ముందు గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండుసార్లు కడగండి. టైర్ పాలిష్, డాష్‌బోర్డ్ పాలిష్‌లలో ఉండే సిలికాన్ రేకు మీద మిగిలితే పెయింట్ అక్కడ నిలవక చేపకన్నుల్లా గుంటలు పడుతుంది. తర్వాత టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరేలోపే ఇంకో పొడిగుడ్డతో తుడిచేయండి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పూసినట్టే. పెట్రోల్‌తో తుడవకండి, నిప్పు భయం చాలా ఎక్కువ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో మంచినీళ్లతో ఇంకోసారి కడగాలి. ఉప్పు పెయింట్ కింద మిగిలితే తుప్పు బొబ్బలు మళ్లీ లేస్తాయి.

ఈ బండ్లలో తుప్పు ముఖ్యంగా చక్రాల పైని అంచుల్లో, డోర్ల అడుగున, ముందు అద్దం రబ్బరు కింద ఉంటుంది. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోతే లోపలే నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది, వాటిని పుల్లతో పొడిచి తెరవండి. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడండి. లోపలికి దిగిపోతే అది పుట్టీ పని కాదు, వెల్డింగ్ పని. పైపై తుప్పైతే వైర్ బ్రష్షు, 80 నంబర్ ఎమరీతో తెల్ల రేకు (తుప్పు, పెయింట్ లేని ఒట్టి లోహం) కనబడేదాకా గీకి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ బ్రష్షుతో పలుచగా వేయండి. రాత్రి గడిచినా తెల్ల రేకు మీద మళ్లీ తుప్పు మొదలవుతుంది.

సొట్టలకి పుట్టీ ప్రైమర్ కన్నా ముందే, గరుకు చేసిన రేకు మీద వేయాలి. 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల హార్డెనర్, అంటే చాలా కొంచెమే. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే తెల్ల పెయింట్ పైకి పసుపు మరకలా తేలుతుంది. కలిపాక నాలుగైదు నిమిషాల్లోనే గట్టిపడుతుంది కాబట్టి నిమ్మకాయంత చొప్పున కలుపుకోండి. మందం 3 మిల్లీమీటర్లు దాటితే బీటలు వారే అవకాశం ఉంది. పుట్టీని పొడిగానే రుద్దండి, 120తో మొదలుపెట్టి 220తో. అది నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి తర్వాత పెయింట్‌ని బొబ్బలుగా లేపుతుంది. దుమ్ము పీల్చకుండా ఎన్95 మాస్కు పెట్టుకోండి. గోడలకి పెట్టే పుట్టీ ఎంత చవకైనా కారుకి వద్దు, రేకు అదురుకి రాలిపోతుంది. పుట్టీ మీద రెడ్ ఆక్సైడ్ వేసి ఒక రోజు ఆరనివ్వండి.

తర్వాత కారు మొత్తం 320తో, ఆపైన 400తో నీళ్లు పోస్తూ రుద్దాలి. పాత పెయింట్ గట్టిగా ఉంటే తీసేయాల్సిన పని లేదు, మెరుపు చస్తే చాలు. లేచిపోయిన చోట అంచు వేలికి తగలకుండా కలిసేదాకా రుద్దండి. కడిగి ఆరాక ఏటవాలుగా చూస్తే ఎక్కడైనా మెరుస్తుంటే, కొత్త పెయింట్ మొదట ఊడేది అక్కడే.

మాస్కింగ్

వైపర్లు, పక్కల ఉండే మిర్రర్లు, బ్యాడ్జీలు, ఇండికేటర్లు విప్పండి. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు స్నాప్ లాక్ విప్పితే విరుగుతుంది, దాన్ని పేపరుతో కప్పేయండి. కిటికీ, ముందు, వెనక అద్దాల రబ్బరు అంచు కింద సన్నటి వైరు తోస్తే రబ్బరు పైకి లేస్తుంది, దాని కిందికి కూడా పెయింట్ వెళ్తుంది. పని అయ్యాక వైరు లాగితే అంచు శుభ్రంగా ఉంటుంది. న్యూస్‌పేపర్ రెండు పొరలుగా వేయండి. ఎండలో రెండు రోజులు దాటిన టేపు జిగురు వదిలేస్తుంది, మార్చుకోవాలి. నల్ల ప్లాస్టిక్ బంపర్లున్న బండైతే వాటిని వదిలేయండి. రంగు బంపరుకి ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా వేస్తే పొలుసులుగా ఊడుతుంది.

కలపడం, వేయడం

ఈ పని మొత్తం కలిపే పాళ్ల మీద ఆధారపడి ఉంది. 200 మిల్లీలీటర్ల పెయింట్‌కి 60 మిల్లీలీటర్ల టర్పెంటైన్‌తో మొదలుపెట్టి, నైలాన్ గుడ్డలో వడగట్టి, పాత రేకు డబ్బా నిలువు వైపు వేసి చూడండి. రోలర్ వదిలిన బుడగలు అర నిమిషం, నిమిషం లోపు పగిలి సర్దుకోవాలి. నిమిషం తర్వాతా ఉంటే చిక్కగా ఉంది, పది పది మిల్లీలీటర్లు పెంచండి. కిందికి కారితే పల్చనైంది. ఎండ ఎక్కువున్న రోజు సగానికి సగం దాకా పోయాల్సి రావచ్చు. కుదిరిన పాళ్లు డబ్బా మీద రాసిపెట్టుకోండి.

ముందు టాప్, తర్వాత బానెట్, డిక్కీ, చివర డోర్లు. రోలర్‌ని ట్రేలో పిండినట్టు ఒత్తి, ఒక్కో ప్యానెల్‌లో అడుగున్నర వెడల్పు చొప్పున వేసి, పక్క భాగం అంచు తడి ఆరకముందే కలపండి. చివర్లో రోలర్‌ని అసలు నొక్కకుండా, దాని బరువుతోనే ఒకే దిక్కుగా ఒకసారి లాగి వదిలేయండి. రెండు నిమిషాలు దాటాక వెంట్రుక కనిపించినా, బుడగ కనిపించినా ముట్టుకోకండి, రేపు రుద్దితే పోతుంది. సగం ఆరినదాన్ని సరిచేయబోతే చేతులారా చెడుతుంది.

మొదటి కోటు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కింది రంగు, ప్రైమర్ మచ్చలు అన్నీ కనిపిస్తాయి. కప్పేద్దామని మందంగా వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, దాని మీద మరుసటి కోటు వేయగానే మొత్తం ముడతలు పడుతుంది. రోజుకి ఒక్క కోటే. మూడు, నాలుగు కోట్లకి రంగు నిండుతుంది.

రెండో కోటు తర్వాత ఒక రోజు ఆగి 600తో తడిగా రుద్దండి. పేపరుకి పెయింట్ జిగురుగా అంటుకుంటే ఇంకా ఆరలేదని అర్థం, ఇంకో రోజు ఆగండి. నాలుగో కోటు తర్వాత మళ్లీ 600తోనే, ఈసారి మెల్లగా. ప్యానెల్ అంచులకి, డోర్ మధ్య గీతకి రుద్దే ముందు టేప్ అంటించండి, అక్కడ నాలుగు రుద్దులకే కింది ప్రైమర్ బయటపడుతుంది. ఆరో కోటు వేసిన గంటలో టేపులు తీసేయాలి. గట్టిపడ్డాక తీస్తే పెయింట్ అంచుతో సహా చినిగి వస్తుంది.

పెయింట్ తుడిచిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయకండి. ఎనామెల్‌లోని నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి అవి వాటంతటవే అంటుకోగలవు. బయట విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి. ఆ పోర్టికోలో దీపం, బీడీ, స్టవ్ ఏవీ ఉండకూడదు.

పాలిష్

కనీసం మూడు వారాలు ఆగండి. ఈలోగా కవర్ కప్పకండి, తడి పట్టి గుడ్డ అచ్చు పడుతుంది. పిట్ట రెట్ట పడితే వెంటనే నీళ్లతో కడగండి. ఆ తర్వాత ఒక చుక్క షాంపూ కలిపిన నీళ్లలో ముంచుతూ 1000, 1500, 2000 వరుసగా, ఒక్కో నంబరు మారినప్పుడు నీళ్లు కూడా మార్చి రుద్దండి. బకెట్‌లో మిగిలిన ఒక్క ఇసుక రేణువు చాలు, 2000 పేపర్‌తోనే గీత పడటానికి. చివర మెత్తటి బనియన్ గుడ్డతో రబ్బింగ్ కాంపౌండ్, ప్యానెల్‌కి ఐదారు నిమిషాలు. మెషిన్ బఫర్ వద్దు, దాని వేడికి ఎనామెల్ మెత్తబడి చిరుగుతుంది. మైనం పాలిష్ ఇంకో నెల తర్వాత.

మిగిలిన పెయింట్‌ని నిండుగా పట్టే చిన్న గాజు సీసాలో పోసి మూత బిగించండి. సీసాలో గాలి ఎంత ఎక్కువుంటే అంత త్వరగా పైన మీగడ కడుతుంది. గీతలు పడ్డచోట సన్నటి బ్రష్షుతో, టర్పెంటైన్ కలపకుండా అద్దితే సరిపోతుంది.