ఇరుక్కున్న గ్లాసులకు బళ్లో చదివిన సైన్సు

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన స్టీలు గ్లాసుల్ని ఎంత లాగినా రావు. నేలకేసి కొడితే సొట్టలే మిగులుతాయి. వేడికి లోహాలు వ్యాకోచిస్తాయి, చల్లబడితే సంకోచిస్తాయి అని పరీక్షల కోసం బట్టీ పట్టాం కదా, దాన్ని ఇక్కడ వాడండి.

లోపలి గ్లాసు నిండా ఐసునీళ్లు పోసి, బయటి గ్లాసుని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. లోపలిది వెంట్రుకవాసి ముడుచుకుంటుంది, బయటిది అంతే సాగుతుంది. ఆ కాస్త సందు చాలు. వెంటనే మెల్లగా తిప్పుతూ లాగేయాలి. ఆలస్యమైతే వేడి లోపలిదానికీ పాకి, రెండూ కలిసే సాగుతాయి. కథ మళ్లీ మొదటికొస్తుంది. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే!

గాజు గ్లాసులైతే వేడినీళ్లు వద్దు, బయట గోరువెచ్చనివి, లోపల మామూలు చన్నీళ్లు చాలు. లేదంటే పగులుతాయి.

గాజు సీసాకి బిగుసుకున్న అల్యూమినియం మూతకూ ఇదే మందు. అంతే వేడికి అల్యూమినియం మామూలు గాజు కన్నా దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ సాగుతుంది. అందుకే వేడినీళ్లు మూత మీద మాత్రమే పోయండి. అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అయితే కాసేపు బయట ఉంచాకే.