మేలో సూర్యలంక కాటేజీకి వెళ్లే ముందు

బాపట్ల తీరంలో మే అంటే ఎండ ఒక్కటే కాదు. లైలా తుపాను 2010 మే 20న ఈ దగ్గర్లోనే తీరం దాటింది.

– బయల్దేరే రోజు పొద్దున వాతావరణ శాఖ బులెటిన్, ఇన్‌కాయిస్ (కేంద్ర సముద్ర సమాచార సంస్థ) అలల హెచ్చరిక చూడండి. వాయుగుండం ఉంటే ప్రయాణం మానుకోవడమే మేలు. అడ్వాన్సు వాపసు సంగతి బుకింగప్పుడే అడగాలి.

– ఆకాశం తేటగా ఉన్నా, ఎక్కడో దూరాన ఉన్న వాయుగుండం ఇక్కడికి పెద్ద అలలు పంపగలదు. అలల మధ్య నురగ లేకుండా నిమ్మళంగా కనిపించే పాయే తరచూ లోపలికి లాగేది. చిక్కుకుంటే ఎదురీదకండి, ఒడ్డు వెంబడి పక్కకు ఈదండి. పిల్లలు చేతికందే దూరంలో, మోకాలి లోతులోనే.

– ఉరుము వినగానే గదిలోకి. సరుగుడు చెట్ల కిందకి వద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

– టార్చి, పవర్‌బ్యాంకు, ఓఆర్‌ఎస్ (పెద్ద పొట్లానికి లీటరు నీళ్లు).