అమ్మమ్మ మెచ్చిన అందగాడు: ఆ అభిమానాన్ని అడిగి రాసిపెట్టుకోవడం ఎలా

మా నల్లగొండ వైపు ఇళ్లలో అరవై దాటిన ఆడవాళ్లను ఏ హీరో అంటే ఇష్టమని అడిగితే ముందు ఒక నవ్వు, ఆ వెనక ఒక పేరు వస్తాయి. శోభన్‌బాబు అంటే శోభన్‌బాబు, కృష్ణ అంటే కృష్ణ అని మనం తలూపి వేరే మాటలోకి వెళ్లిపోతాం. చెప్పుకోవలసిన సంగతి ఆ పేరు తరవాతే మొదలవుతుంది. ఆ ముఖంలో ఏం చూశారు, ఎక్కడ కూర్చుని చూశారు, ఇంటికి వచ్చాక ఎన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా మనసులో దాచుకున్నారు అన్నది వాళ్లు చెబితే తప్ప ఇంకెక్కడా దొరకదు. దాన్ని ఎలా అడగాలో, ఎలా రాసిపెట్టాలో మా అమ్మమ్మ దగ్గర, మేనత్తల దగ్గర, దేవరకొండ, మిర్యాలగూడ, గద్వాల వైపు చుట్టాల దగ్గర కూర్చుని నేను నేర్చుకున్నంత మేరకు ఇక్కడ చెబుతున్నాను.

మొదట సమయం చూసుకోవాలి. నేను చేసిన మొదటి ప్రయత్నం పండుగనాడు, ఇంటినిండా జనం ఉండగా, ఫోను రికార్డింగు పెట్టి అమ్మమ్మ ముందు కూర్చోవడం. శోభన్‌బాబు ఎందుకు ఇష్టమని అడిగితే "మంచిగుంటుండె" అన్నది. అంతే, కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు వింటుండగా పరాయి మగవాడి అందం గురించి మాట్లాడమని ఆ వయసు మనిషిని కూర్చోబెట్టడం నాదే తప్పు. రెండో ప్రయత్నం ఎండాకాలంలో, మధ్యాహ్నం, వసారాలో ఆమె చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని నేనూ ఒక చాట ముందు పెట్టుకుని చేసినది. చేతులకు పని ఉంటే నోటికి బెరుకు తగ్గుతుంది. కందులు చెరగడం, పూలు కట్టడం, బట్టలు మడతపెట్టడం, ఇలా కళ్లు కిందికి వంచుకుని చేసే పని ఏదైనా సరే. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, సరేనన్నాకే ఫోను పక్కన పెట్టాలి. ఆ రోజు అమ్మమ్మ ఇట్లా అన్నది: "ఆయిన నుదుటి మీద రింగు గిట్ల పడుతుండె బిడ్డా. గాలొచ్చినా కదలకపోతుండె. జర జరిపి సూడాలె అనిపిస్తుండె." అంటూ, పులుపు అంటుకున్న చూపుడువేలితో తన నుదుటి మీద గాలిలో ఒక సున్నా చుట్టింది. ఆ వేలి కదలికను కూడా నేను మాట పక్కనే రాసుకున్నాను. మీరూ అలాగే చేయాలి, ఎందుకంటే రికార్డింగులో చెయ్యి కనిపించదు.

రెండో సంగతి ప్రశ్న. "ఎందుకు ఇష్టం" అన్న ప్రశ్నకు జవాబుగా అందగాడు, మంచోడు, బాగా నటిస్తాడు అన్న మాటలే వస్తాయి. వాటితో ఒక హీరోకూ ఇంకొక హీరోకూ తేడా తెలియదు. దానికి బదులు ముఖాన్ని, ఒంటిని ముక్కలుగా అడగాలి. జుట్టు ఎటు దువ్వేవాడు? నవ్వితే ముందు కళ్లు నవ్వేవా, పెదవులా? నడిచేటప్పుడు చేతులు ఎలా ఊపేవాడు? నాయిక కోపంగా ఉన్నప్పుడు ఎలా చూసేవాడు? మా పెద్ద మేనత్తకు ఎన్.టి.రామారావు గారిలో నచ్చినది కృష్ణుడి వేషంలో మెడ ఒక పక్కకు వంచి చూసే చూపు. చిన్న మేనత్తకు అక్కినేని నాగేశ్వరరావు గారిలో నచ్చినది పంచె కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నడవడం. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగి, ఒకే బండి మీద సినిమాకు పోయినవాళ్లు. తెర మీద అందమంటే క్లోజప్ కూడా అని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఊళ్లో ఏ మగవాడి ముఖాన్నీ రెప్ప వేయకుండా అంతసేపు చూసే వీలు లేని ఆడపిల్లకు, ఇంటి గోడంత పెద్దదిగా, కంట్లో వెలుగు చుక్కతో సహా ఒక ముఖం కనిపించడం, దాన్ని చీకట్లో ఎవరికీ తెలియకుండా తనివితీరా చూడగలగడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. నా మట్టుకు నాకు ఆ అభిమానంలో సగం బలం ఈ చూపు స్వేచ్ఛలోనే ఉందనిపిస్తుంది.

గొంతు సంగతి విడిగా అడగాలి. పాత హీరోల ప్రేమంతా పాటల్లో ఉండేది, ఆ పాటలు ఘంటసాల గారివి. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసేదాకా రామారావు గారి ముఖానికీ నాగేశ్వరరావు గారి ముఖానికీ పాటలో ఎక్కువగా ఆ ఒక్క గొంతే పలికింది. కనుక "ఆయన గొంతు ఎంత తియ్యగ ఉంటుండెనో" అని ఎవరైనా అంటే, మాటల గొంతా పాటల గొంతా అని మెల్లగా అడగండి. చాలామంది అక్కడ ఒక్క క్షణం ఆగి తమలో తామే వెతుక్కుంటారు. ఆ ఆగడం తరవాత వచ్చే మాట చాలా విలువైనది, తొందరపడి మీరు అందుకోవద్దు.

రంగుల విషయంలో మాత్రం కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే జ్ఞాపకం ఏ కాలానిదో, ఎక్కడి నుంచి వచ్చిందో రంగే పట్టిస్తుంది. తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి చిత్రం 1963 నాటి లవకుశ. ఆ తరవాత కూడా 1970లలోకి నలుపు తెలుపు చిత్రాలు వస్తూనే ఉన్నాయి, కొన్నింటిలో ఒకటి రెండు పాటలు మాత్రమే రంగుల్లో తీసేవారు. మా అమ్మమ్మ ఒక సినిమా గురించి చెబుతూ హీరో పచ్చ చొక్కా తొడుక్కున్నాడని గట్టిగా అన్నది. ఆ సినిమా నలుపు తెలుపు. తప్పు చెబుతున్నావు అమ్మమ్మా అనబోయి ఆగాను. రెండు రోజుల తరవాత తెలిసింది, ఆ పచ్చ చొక్కా వాల్‌పోస్టరులోది. నీళ్లకు పోయే దారిలో, చావిడి గోడ మీద అంటించిన ఆ పోస్టరును రోజుకు రెండుసార్లు, బిందె దించి కొంగు సర్దుకునే నెపంతో చూసేదట. సినిమా చూసింది ఒక్కసారి, పోస్టరు చూసింది నెల రోజులు. ఆమె మనసులోని హీరో పోస్టరు వేసిన చిత్రకారుడి రంగుల్లోనే ఉన్నాడు. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలయ్యాక ఊరికొక టీవీ వచ్చిన రోజుల్లో రంగుల సినిమాలను కూడా నలుపు తెలుపు పెట్టెల్లోనే చూశారు. అప్పటి ఆడపిల్లలు హీరో చొక్కా రంగు చెప్పలేరు, కానీ వాకిట్లో ఎవరి పక్కన చాప వేసుకుని కూర్చున్నదీ చెబుతారు. కనుక రంగు గురించి వాళ్లు ఏం చెప్పినా సరిదిద్దకుండా రాసుకుని, పోస్టరా, పాటల పుస్తకం అట్టా, పత్రిక బొమ్మా, టీవీయా అని తరవాత ఆరా తీయండి. విజయచిత్ర 1966లో, సితార 1976లో మొదలయ్యాయి కాబట్టి పత్రికలో బొమ్మ అన్నప్పుడు అది ఏ పత్రికో అడిగితే కాలం కొంత తేలుతుంది.

చూసిన చోటును బట్టి ఇష్టం మారుతుంది. ఊరి బయట పొలంలో డేరా వేసిన టూరింగ్ టాకీసులో, నేల టికెట్టులో, ఆడవాళ్ల వైపు ఇసుకలో కూర్చుని మెడ పైకెత్తి చూసినవాళ్లకు హీరో ఎప్పుడూ కింది నుంచి పైకి కనిపించినవాడే. గద్వాల, అలంపురం వాళ్లు నది దాటి కర్నూలుకు పోయి చూసేవారు. నారాయణపేట ఇళ్లలో కన్నడం కూడా నడుస్తుంది కాబట్టి రాజ్‌కుమార్ పేరు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. పాలమూరు నుంచి మట్టి పనులకు బొంబాయి వలసపోయిన కుటుంబాల ఆడవాళ్ల నోట హిందీ హీరోల పేర్లు వస్తాయి. పని విడిచిన రోజున, భాష అర్థం కాకపోయినా ముఖం చూసి వచ్చామని చెప్పే ఆ మాటల్లో అలసట, ఆనందం రెండూ కలిసి ఉంటాయి. వాళ్లను తప్పకుండా అడగాలని నా కోరిక, ఎందుకంటే అభిమానుల కథ అంటే పట్నం థియేటరు ముందరి కటౌట్లు, పాలాభిషేకాలే అన్నట్టు రాస్తారు గాని తట్ట దించి సినిమాకు పోయిన మనిషిని అడిగినవారు తక్కువ.

మన జిల్లావాడే అన్న మమకారం వేరు. కాంతారావు గారు 1923 నవంబరు 16న కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టారు. అది అప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. నారదుడిగా తంబుర పట్టుకుని, జానపద చిత్రాల్లో కత్తి పట్టుకుని ఆయన నిలబడిన తీరును కోదాడ, హుజూర్‌నగర్ వైపు ముసలమ్మలు బంధువు గురించి చెప్పినట్టు చెబుతారు. లవకుశలో రామారావు గారు రాముడైతే ఈయన లక్ష్మణుడు, శోభన్‌బాబు శత్రుఘ్నుడు. ఆ సినిమా చూసినవారిని ముగ్గురిలో ఎవరి మీద చూపు నిలిచిందని అడగండి, మంచి జవాబులు వస్తాయి. వయసు గురించి కూడా ఇక్కడే అడగాలి. కాంతారావు గారు ముసలితనంలో చిన్న వేషాల్లో కనిపించినప్పుడు మా మిర్యాలగూడ అత్త టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయిందట, చూడలేక. శోభన్‌బాబు 1996 తరవాత తెర మీదికి రాలేదు. 2008లో ఆయన పోయేనాటికి అభిమానుల కళ్లలో ఇంకా రింగు జుట్టు సోగ్గాడే. తెర విడిచిపెట్టడం కూడా అందాన్ని కాపాడుకునే ఒక పద్ధతి అని, ఆయన అభిమానులు దానికి ఎంతో కృతజ్ఞతతో ఉన్నారని నాకు వాళ్ల మాటల్లో తెలిసింది.

మగవాళ్ల అభిమానం గురించి అడగాలంటే దర్జీ దగ్గరికి వెళ్లడం మేలు. ఏ హీరో కాలరు కావాలని వచ్చేవారు, బెల్‌బాటం అంచు ఎన్ని అంగుళాలు పెట్టమనేవారు అన్నది పాత దర్జీకి కొలతలతో గుర్తుంటుంది. కటింగ్ షాపు గోడ మీది బొమ్మలు కూడా అంతే.

తరవాతి తరాలను అడగడం సులువు, వాళ్లకు సిగ్గు తక్కువ. మహేశ్‌బాబు 2015లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని సిద్ధాపూర్‌ను దత్తత తీసుకున్నప్పటి సంబరాన్ని, విజయ్ దేవరకొండ కుటుంబం అచ్చంపేట వైపుదని చెప్పుకునే మురిపాన్ని పిల్లలు గడగడా చెబుతారు. వారిని కూడా ముఖాన్ని ముక్కలుగానే అడగండి.

దాచుకున్న బొమ్మలు బయటపడితే జాగ్రత్తగా ఉండాలి. అమ్మమ్మ సందూక (రేకు పెట్టె) మూత లోపలివైపు మైదా జిగురుతో అంటించిన శోభన్‌బాబు బొమ్మ ఉంది. అంచులను తుప్పు తినేసింది, చెంప మీద ఒక చోట కాగితం చేతి రాపిడికి నునుపెక్కింది. దాన్ని ఊడబెరికి పలకకు అంటించి ఇస్తామన్నవారు ఉన్నారు, నేను ఒప్పుకోలేదు. అంటించిన బొమ్మను పీకవద్దు, తడి గుడ్డతో తుడవవద్దు, టేపు వేయవద్దు, లామినేషను చేయించవద్దు. కిటికీ పక్కకు తెచ్చి, ఫ్లాష్ లేకుండా, పక్క నుంచి పడే పగటి వెలుతురులో, మూత మొత్తం కనిపించేలా ఒకటి, ముఖం మాత్రమే కనిపించేలా ఇంకొకటి ఫొటో తీయండి. విడిగా ఉన్న పాటల పుస్తకాలను ఎండ తగలకుండా తెల్ల కాగితం మధ్య పెట్టి, బల్లపరుపుగా దాచండి. రికార్డింగుల నకళ్లు కనీసం రెండు చోట్ల ఉంచండి. నా ఫోను ఒకసారి బాగుచేయడానికి ఇస్తే లోపల ఉన్నదంతా తుడిచి తిరిగి ఇచ్చారు, దేవరకొండ పెద్దమ్మ మాటలు అందులో పోయాయి. ఆమె ఇప్పుడు లేదు.

రాసేటప్పుడు వాళ్ల యాసను వాళ్లదిగానే ఉంచాలి. "జరిపి సూడాలె" అన్న మాటను "సవరించాలనిపించేది" అని మారిస్తే ఆ వేలు కదలడం ఆగిపోతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏం పని చేస్తూ చెప్పారో మొదటి వరుసలో రాయండి. ఊరి పేరుతో పాటు అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి. మొగుడికి తెలియకుండా సినిమాకు పోయిన సంగతి, పెళ్లిచూపుల్లో పిల్లగాణ్ని హీరోతో పోల్చుకుని దిగులుపడిన సంగతి చెప్పినప్పుడు, అది ఇంట్లో ఎవరు చదవవచ్చో వాళ్లనే అడగండి. వద్దన్నది వేరే కాగితం మీద రాసి వాళ్ల చేతికే ఇవ్వండి.

రాసింది ఒకసారి చదివి వినిపించాలి, ఇది మానవద్దు. నేను చదువుతుంటే అమ్మమ్మ మధ్యలో ఆపి, పోస్టరు నెల రోజులే ఉన్నదని రాశావేమని అడిగింది. వానకు ముఖం పోయినా చొక్కా మిగిలిందట, ఆ పచ్చ ముక్క పంట కోతల దాకా గోడ మీద ఉన్నదట. నేను పాత వాక్యాన్ని కొట్టివేయకుండా, పక్కన ఎర్ర సిరాతో ఆ మాట చేర్చి, తారీఖు వేశాను.