యాంగ్రీ ఆన్, మ్యారీడ్ విత్, గుడ్ ఇన్: ఈ తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎలా వదిలించుకోవాలి

ఇంగ్లిష్‌లో అడ్జెక్టివ్ (యాంగ్రీ, గుడ్ లాంటి విశేషణం) టక్కున గుర్తొస్తుంది, దాని పక్కన ఏ ప్రిపోజిషన్ రావాలి, ఆఫ్ పెట్టాలా ఆన్ పెట్టాలా అన్న దగ్గరే బండి ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకే కాదు, ఏళ్ల తరబడి ఆఫీసులో ఇంగ్లిష్‌లోనే మెయిల్స్ కొడుతున్నవాళ్లకీ ఈ తిప్పలు తప్పడం లేదు. దీనికి అందరూ చేసే పని ఒకటే, ఎక్కడో దొరికిన పెద్ద లిస్టు ముందేసుకుని ఏ నుంచి బట్టీ పట్టడం మొదలుపెట్టి, సి దాకా వచ్చేసరికి వదిలేయడం. అంత కష్టం అక్కర్లేదు. మనవాళ్లు చేసే తప్పులు ఎటు పడితే అటు రావు, చాలా తప్పుల వెనక ఒక తెలుగు విభక్తి కూర్చుని ఉంటుంది. అది ఏదో పట్టుకోండి చాలు. మీ తప్పు కింద ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లిపోవచ్చు.

సమస్య: 'యాంగ్రీ ఆన్ మీ', 'జెలస్ ఆన్ హర్', 'ప్రౌడ్ ఆన్ మై సన్' అని వస్తోంది

కారణం 'మీద'. మనకి కోపం, జాలి, అనుమానం, ప్రేమ, అలక అన్నీ ఎవరో ఒకరి మీదే ఉంటాయి కాబట్టి, మీద అనుకోగానే నోరు ఆన్ అనేస్తుంది.

మనిషి మీద కోపమైతే యాంగ్రీ విత్ (అమెరికాలో యాంగ్రీ ఎట్ ఎక్కువ), విషయం మీద కోపమైతే యాంగ్రీ అబౌట్. రెండూ ఒకే వాక్యంలో పెట్టుకుంటే తేలిగ్గా గుర్తుంటాయి: 'షీ ఈజ్ యాంగ్రీ విత్ హర్ బ్రదర్ అబౌట్ ద మనీ'. అసూయ, గర్వం, అనుమానం మూడూ ఆఫ్ గుంపులోవి: జెలస్ ఆఫ్, ప్రౌడ్ ఆఫ్, సస్పీషియస్ ఆఫ్. ఎదుటివాళ్లతో ఎలా ప్రవర్తించాం అనేది చెప్పే మాటలకి మాత్రం టు వస్తుంది: కైండ్ టు, రూడ్ టు, పొలైట్ టు, క్రూయెల్ టు. తెలుగులో 'నాతో మర్యాదగా ఉన్నాడు' అన్నా, 'నా మీద దయ చూపాడు' అన్నా, ఇంగ్లిష్‌లో రెండిటికీ టు మీ.

అలాగని ఆన్ అసలు రాదని కాదు. ఆధారపడటం మనకీ 'మీదే' కాబట్టి డిపెండెంట్ ఆన్ దగ్గర ఎవరూ తప్పు చేయరు. తెలుగు, ఇంగ్లిష్ కలిసిపోయిన ఇలాంటి చోట్ల టైమ్ వేస్ట్ చేసుకోకండి, శాటిస్‌ఫైడ్ విత్, ఎడిక్టెడ్ టు లాంటివి చదవకపోయినా వచ్చేస్తాయి. కలవని చోట్లే నోట్సులోకి ఎక్కించుకోండి, లిస్టు అక్కడికే బాగా తగ్గిపోతుంది.

సమస్య: 'మ్యారీడ్ విత్ ఎ డాక్టర్', 'ఫుల్ విత్ వాటర్'

ఇక్కడ దొంగ 'తో'. ఫలానా వాళ్లబ్బాయితో పెళ్లయింది, బిందె నీళ్లతో నిండింది అంటాం కదా. ఇంగ్లిష్‌లో పెళ్లి, నిశ్చితార్థం, చుట్టరికం అన్నీ టు తోనే నడుస్తాయి: మ్యారీడ్ టు, ఎంగేజ్డ్ టు, రిలేటెడ్ టు. సమానం, పోలిక కూడా అంతే, ఈక్వల్ టు, సిమిలర్ టు. ఇంతకీ 'మ్యారీడ్ విత్ టూ కిడ్స్' అనే మాట ఇంగ్లిష్‌లో ఉంది, కానీ దానర్థం పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు అని. అందుకే 'మ్యారీడ్ విత్' అన్నది ఎక్కడో చదివినట్టు ఉంటుంది, మనం కూడా ధైర్యంగా వాడేస్తాం.

నిండటం దగ్గర చిన్న మెలిక ఉంది. ఫుల్ అంటే ఆఫ్, ఫిల్డ్ అంటే విత్. రెండూ కలిపేసి ఒకటి చేయొద్దు.

సమస్య: 'అంటే' దగ్గర ఏ ప్రిపోజిషనూ తోచడం లేదు

పాములంటే భయం, తీపంటే ఇష్టం, సంగీతమంటే పిచ్చి, వేరుశనగంటే పడదు. ఈ ఒక్క 'అంటే'తో మన బతుకు వెళ్లిపోతుంది, ఇంగ్లిష్‌లో దానికి సరిపోయే మాట లేదు. అందుకే కొందరు 'అఫ్రైడ్ విత్ స్నేక్స్' అంటారు, కొందరు 'అఫ్రైడ్ టు స్నేక్స్' అంటారు, ఎవరికి తోచింది వాళ్లు.

ముందుగా ఆఫ్ పెట్టి చూడండి, ఎక్కువసార్లు అదే సరిపోతుంది: అఫ్రైడ్ ఆఫ్, స్కేర్డ్ ఆఫ్, ఫాండ్ ఆఫ్, టైర్డ్ ఆఫ్, ఎషేమ్డ్ ఆఫ్. దానికి లొంగనివి విడిగా నేర్చుకోవాలి: ఆసక్తికి ఇంట్రెస్టెడ్ ఇన్, పిచ్చికి క్రేజీ అబౌట్, ఉత్సాహానికి కీన్ ఆన్, ఒంటికి పడకపోతే ఎలర్జిక్ టు. చివరిది విదేశాలకి వెళ్లేవాళ్లు ముందు నేర్చుకోవాలి, హోటల్లో సర్వర్‌కి, ఆస్పత్రిలో నర్సుకి చెప్పాల్సి వచ్చేది అదే.

సమస్య: 'గుడ్ ఇన్ మ్యాథ్స్'

లెక్కల్లో 'లో' ఉంది కాబట్టి ఇన్. మన దేశంలో ఇది ఎంత పాతుకుపోయిందంటే తప్పని చెబితే గొడవకి వస్తారు. నైపుణ్యం గురించి మాట్లాడేటప్పుడు గుడ్ ఎట్, బ్యాడ్ ఎట్, టెరిబుల్ ఎట్. తమాషా ఏంటంటే 'వీక్ ఇన్ సైన్స్' అంటే మాత్రం తప్పు కాదు, డిక్షనరీలు ఒప్పుకుంటాయి. ఎందుకలా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, భాష అంతే. రిచ్ ఇన్ ఐరన్, సక్సెస్‌ఫుల్ ఇన్ బిజినెస్ లాంటి చోట్ల 'లో' సరిగ్గా ఇన్ తోనే కలుస్తుంది.

సమస్య: 'కి' వచ్చినప్పుడల్లా టు పెట్టేస్తున్నాను

'వాకింగ్ ఆరోగ్యానికి మంచిది' అనాల్సి వస్తే చాలామంది 'గుడ్ టు హెల్త్' అంటారు. 'కి' తీసి 'కోసం' పెట్టి చూడండి, అతుక్కుంటే ఫర్: ఆరోగ్యం కోసం మంచిది, గుడ్ ఫర్ హెల్త్. ఉద్యోగం కోసం అర్హత అన్నా నడుస్తుంది, కాబట్టి ఎలిజిబుల్ ఫర్. పరీక్ష కోసం రెడీ, రెడీ ఫర్. పేరు పొందడం మాత్రం ఈ పరీక్షకి నిలవదు, బిర్యానీ కోసం ప్రసిద్ధి అని మనం అనం, అయినా ఫేమస్ ఫర్ బిర్యానీయే. దాన్ని అలాగే మింగేయాలి.

సమస్య: 'సీనియర్ దాన్ మీ'

'కంటే'కి దాన్ అనే అలవాటు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ఇవన్నీ లాటిన్ నుంచి వచ్చిన మాటలు, వీటికి టు పెడతారు. బ్యాంకు పరీక్షలు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకి ఇది పాత చుట్టమే. డిఫరెంట్ పక్కన అమెరికన్లు దాన్ అంటారు, బ్రిటన్‌లో టు కూడా వినిపిస్తుంది, పరీక్షలో మాత్రం కళ్లు మూసుకుని ఫ్రమ్ పెట్టండి.

సమస్య: గ్రామర్ చెక్ చేసే యాప్ ఏమీ అనలేదు, కానీ చదివినవాళ్లు వేరేగా అర్థం చేసుకున్నారు

నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఇదే. ఒకే అడ్జెక్టివ్ రెండు ప్రిపోజిషన్లతో రెండు అర్థాలిస్తే, వ్యాకరణం ప్రకారం రెండూ కరెక్టే కాబట్టి యాప్ గీత గీయకుండా వదిలేయొచ్చు.

ఆలస్యమైనందుకు మేనేజర్‌కి 'ఐ యామ్ సారీ ఫర్ యూ' అని పెట్టారనుకోండి, ఆయనకి అందేది క్షమాపణ కాదు, 'పాపం, మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది' అన్న మాట. అక్కడ రాయాల్సింది 'సారీ ఫర్ ద డిలే', లేదా 'సారీ అబౌట్ ద డిలే'. అలాగే పనికి రెస్పాన్సిబుల్ ఫర్, జవాబు చెప్పుకోవాల్సిన పై అధికారికి రెస్పాన్సిబుల్ టు. రెజ్యూమెలో 'రెస్పాన్సిబుల్ టు టెస్టింగ్' అని కనిపిస్తే చదివేవాళ్లకి నవ్వొస్తుంది. ప్రయాణం వల్ల ఒళ్లు అలిసిపోతే టైర్డ్ ఫ్రమ్, ప్రయాణాలంటేనే విసుగొస్తే టైర్డ్ ఆఫ్. దిగులైతే కన్సర్న్‌డ్ అబౌట్, ఒక విషయానికి సంబంధించింది అని చెప్పాలంటే కన్సర్న్‌డ్ విత్. వీటికి షార్ట్‌కట్ లేదు, రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకుని చూసుకోవడమే.

సమస్య: ప్రిపోజిషన్ సరిగ్గానే పెట్టాను, తర్వాత మాట తేడా కొట్టింది

'ఇంట్రెస్టెడ్ ఇన్ టు జాయిన్' లాంటివి. ప్రిపోజిషన్ తర్వాత క్రియ వస్తే ఇంగ్ తగిలించాలి: ఇంట్రెస్టెడ్ ఇన్ జాయినింగ్, గుడ్ ఎట్ కుకింగ్. అందరూ జారిపడేది 'యూజ్డ్ టు' దగ్గర. అలవాటైంది అనే అర్థంలో అక్కడి టు ప్రిపోజిషనే, అందుకని 'ఐ యామ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ'. ఆ 'యామ్' తీసేసి 'ఐ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ' అంటే ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు లేవడం లేదు అని.

ప్రశ్నల్లో ఇంకో తేడా. 'దేనికి భయం?' అంటే విభక్తి మాటకే అంటుకుని ముందే వచ్చేస్తుంది, ఇంగ్లిష్‌లో అది తోకలా చివర వేలాడుతుంది: 'వాట్ ఆర్ యూ అఫ్రైడ్ ఆఫ్?', 'హూ ఈజ్ షీ మ్యారీడ్ టు?' మనం ఆ తోక కత్తిరించేస్తాం. 'వాట్ ఆర్ యూ గుడ్?' దగ్గర ఆపేస్తే అవతలివాళ్లు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తారు.

సమస్య: ఇంగ్లిష్ సినిమాలు, సిరీస్‌లు తెగ చూస్తున్నా ఇవి మాత్రం పట్టుబడటం లేదు

ఎందుకంటే ఇవి చెవికి సరిగ్గా వినిపించవు. మాట్లాడేటప్పుడు ఆఫ్, ఎట్, టు, ఫర్‌లని ఎవరూ నొక్కి పలకరు, ముందు మాటలో కలిపి మింగేస్తారు. ఫాండ్ ఆఫ్ కాస్తా 'ఫాండవ్' అవుతుంది, గుడ్ ఎట్ 'గుడట్' అవుతుంది. సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో పెట్టుకుని చూడండి, ఆ జంట కనిపించిన చోట ఆపి, వాళ్లు కలిపినట్టే కలిపి పైకి అనండి. నోటికి ఫాండవ్ ఒకే మాటగా అలవాటైతే, రాసేటప్పుడు ఆఫా ఆనా అన్న సందేహమే రాదు.

అనుమానం వచ్చినప్పుడు ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ చూస్తే చాలాసార్లు అర్థంతోనే సరిపెడుతుంది, పక్కన ఏం రావాలో చెప్పదు. లెర్నర్స్ డిక్షనరీ అని ఉన్నవి తెరవండి. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ పరాయి భాషవాళ్ల కోసమే తయారుచేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో అచ్చయింది, ఇవాళ మన ఫోన్లలో ఫ్రీగా దొరికే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. అందులో ఏదైనా అడ్జెక్టివ్ కొట్టి, అర్థం కింద ఉదాహరణల ముందు బోల్డ్‌లో ఉన్న ముక్క చూడండి, ప్రౌడ్ దగ్గర 'ఆఫ్', క్యాపబుల్ దగ్గర 'ఆఫ్' అలా రాసి ఉంటుంది. అదే మాట నామవాచకంగా మారితే మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే ప్రౌడ్ ఆఫ్ అయినా 'టేక్ ప్రైడ్ ఇన్' అంటారు, ఫాండ్ ఆఫ్ అయినా 'ఫాండ్‌నెస్ ఫర్' అంటారు, ఇండిపెండెంట్ ఆఫ్ అయినా 'ఇండిపెండెన్స్ ఫ్రమ్' అంటారు.