బెంగళూరు నుంచి లండన్ దాకా బిజినెస్ క్లాస్‌లో హాయిగా వెళ్లాలంటే

టికెట్ కొనే ముందే సీట్ మ్యాప్ చూడండి, అసలు సుఖమంతా అక్కడే తేలిపోతుంది. వరుసకి 1-2-1 (అంకెలు పక్కపక్కనున్న సీట్లు, మధ్య గీతలు నడవలు) అని ఉంటే ఎవరినీ దాటకుండా నడవలోకి దిగొచ్చు, అదే 2-2-2 అయితే కిటికీ పక్కన ఉన్నవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే పడుకున్న మనిషి కాళ్ల మీదుగా దాటాల్సి రావచ్చు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకే నేను మొదట చూసేది ఇదే.

భోజనం సంగతి చాలామందికి తెలియదు. బుకింగ్‌లో కనిపించే 'హిందూ మీల్' శాకాహారం కాదు, అందులో మాంసం ఉండొచ్చు! శాకాహారులైతే 'ఏషియన్ వెజిటేరియన్' ఎంచుకోండి, అదీ కనీసం 24 గంటల ముందు, కొన్ని ఎయిర్‌లైన్స్‌కి ఇంకా ముందే చెప్పాలి.

కెంపేగౌడ ఎయిర్‌పోర్ట్‌లో అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి. బిజినెస్ క్లాస్ క్యూ చిన్నదే కదా అని, ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డ్ జంక్షన్ వైపు నుంచి ఆలస్యంగా బయల్దేరితే రోడ్డు మీదే టెన్షన్.

ప్రయాణం పది గంటల పైనే. క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం లోపే ఉంటుంది కాబట్టి గొంతు, కళ్లు ఎండిపోతాయి, వైన్ ఎంత బాగున్నా నీళ్లే ఎక్కువ తాగండి. పడుకునేటప్పుడు సీట్ బెల్ట్ దుప్పటి పైనుంచి కనిపించేలా పెట్టుకోండి, లేకపోతే కుదుపులు వచ్చినప్పుడు బెల్ట్ పెట్టుకున్నారో లేదో చూడ్డానికి నిద్ర లేపుతారు. సీటుని పడకగా మార్చడం రాకపోతే సిబ్బందిని అడగండి, మొహమాటం అక్కర్లేదు.